తిరుమలమ్మకు ఏ పాటలిష్టం

నగరిలో ఎల్లప్ప ఉండే వీధిలో కాకులు అరవవు. అరిచినా ఎవరికీ వినపడదని తెలుసుకుని ఎప్పుడో మానేసినాయి. ఏదన్నా చెప్పుకోవాల్సి వస్తే పిట్టగోడ మీద కూర్చుని ముక్కులతో సైగ చేసుకుంటాయి. ఈ మాట చెప్పింది ఎల్లప్పే కాబట్టి సగం తీసేసి నమ్మాల. మిగిలిన సగం మాత్రం నిజం. ఆ వీధిలో ప్రతి ఇంటి ముందరి గదిలోనూ మరమగ్గాలు ఆడతానే ఉంటాయి. అన్నం తినేటప్పుడూ ఆ టకటక వదలదు, చుట్టం వచ్చి కూర్చున్నా వదలదు. అందుకని అక్కడి మనుషులు ఒకరి నోరు ఒకరు చూసి మాట్లాడుకుంటారు. గొంతు చించుకునే పని లేదు, పెదాలు కదిపితే చాలు. కొత్త కోడలు వచ్చిందంటే మొదటి నెలంతా, అయ్యో, అందరూ మూగోళ్ళుండే ఇంటికి ఇచ్చినారే అని ఏడుస్తుంది. ఆ ఏడ్చిందీ ఎవరికీ వినపడదు.

ఎల్లప్ప ఇంట్లో ఆరు మగ్గాలు. రెండు ఆయన చూసుకుంటాడు, రెండు భార్య తిరుమలమ్మ చూస్తుంది, మిగిలిన రెండూ కూలికి వచ్చే ఎదురింటి కుప్పమ్మ చూస్తుంది. ఇట్లా ఎన్నో ఏండ్లుగా ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తా ఉండగా, మొన్నొక రోజు తిరుమలమ్మ నూలు మూట ఎత్తుకుని మెట్టు దిగుతూ జారి పడింది. ఎడమ కాలు మోకాటి కింద ఇరిగింది.

పుత్తూరుకు తీసుకుపోతే కట్టు కట్టినారు. పసరూ గుడ్డు సొనా పూసి, వెదురు బద్దలు పెట్టి, గుడ్డ చుట్టి బిగించిన ఆ కట్టును చూసి ఎల్లప్ప కట్టినాయనకు రెండు చేతులూ ఎత్తి మొక్కినాడు. "నేను నేసే బట్ట కూడా ఇంత గట్టిగా ఉండదు సామీ," అన్నాడు. కట్టిప్పే దాకా కాలు కింద మోపకూడదని చెప్పి పంపినారు.

చిక్కు అక్కడే వచ్చింది. తిరుమలమ్మ మంచం మగ్గాల గదికి ఆనుకున్న వసారాలో. పగలంతా మగ్గం దగ్గర నిలబడి బతికిన మనిషి, అదే మోతను పండుకుని వినాల్సి వచ్చేసరికి తట్టుకోలేకపోయింది. నిద్ర పట్టదు, అన్నం సయించదు. మొహం గోడకు తిప్పుకుని పలకకుండా పడుకునేది.

"నిలబడి నేసేటప్పుడు ఆ మోత నాది మామా," అనింది ఒకరోజు. "పండుకుని ఉంటే అదొచ్చి నా మింద పడతా ఉండాది. నన్ను పుత్తూరుకు పంపించు. కట్టిప్పే దాకా మా ధనంజయ ఇంట్లో ఉంటా."

ఎల్లప్పకు మగ్గాలు నిలిపే వీలు లేదు, ఒప్పుకున్న బట్ట ఇవ్వాల. ఆమెను పంపించే ధైర్యమూ లేదు. కాన్పులకు పుట్టింటికి పోయింది తప్ప ఆ యింట్లో ఆమె లేని రోజు ఆయన చూడలేదు. ఊరందరికీ కథలు చెప్పి నవ్వించే మనిషి, ఆ పూట మగ్గం దగ్గరికి పోయి తెగిన దారం వెతుక్కున్నాడు.

తిరుమలమ్మ ఫోన్ చేసి పిలిచిందేమో, తెల్లారేసరికి ఆమె తమ్ముడు ధనంజయ ట్రాలీ ఆటోలో పరుపు పరుచుకుని దిగినాడు. ఆయనకు పుత్తూరు సంతలో కొబ్బరికాయల అంగడి. బావ మీద జోకులు వేసే పని దానికంటే ముందునుంచీ ఉంది.

"సామాన్లు కట్టండి బావా. మా అక్కను ఎత్తుకుపోను వచ్చినా."

"రవంత ఆగు ధనా. నాకొక్క దినం టైమియ్యి," అన్నాడు ఎల్లప్ప, వసారాలోకి వినపడకుండా పెదాలతోనే. ధనంజయ ఆ వీధివాడు కాదు కాబట్టి రెండుసార్లు కదపాల్సి వచ్చింది. "మొన్న అరక్కోణం రైల్లో ఒక పిల్లోడిని చూసినా. చెవులకు రెండు గిన్నెలు బోర్లించుకున్నాడు. టికెట్లాయన వచ్చి అరిసినాడు, పలకలా. టీ అమ్మేవాడు అరిసినాడు, పలకలా. రైలు కూత కూసినా వాడు కండ్లు మూసుకుని నవ్వుకుంటా ఉండాడు. అది కొనుక్కొస్తా మీ అక్కకు."

"హెడ్‌ఫోన్ అంటారు దాన్ని. అది పెట్టినా మా అక్కకు బాగలేదంటే?"

"నేనే ఎత్తి నీ ఆటోలో పండబెడతా."

"సరే ఎక్కు. తిరుపతికి పోదాం. ఆ పరుపు మీద కూర్చుని రా, మళ్ళా అక్కకు వేడిగా ఉంటాది," అన్నాడు ధనంజయ.

తిరుమలమ్మకు మాత్రం నూలు పనిమీద పోతున్నామని చెప్పినారు. నిజం చెబితే దండగ అని అడ్డుపడుతుంది.

తిరుపతిలో అంగడి రూపశ్రీ అనే అమ్మాయి చూసుకుంటా ఉంది. గోడ నిండా హెడ్‌ఫోన్లు తగిలించి ఉన్నాయి, చెట్టుకు గబ్బిలాల మాదిరి. ఎల్లప్ప అన్నింటినీ ఒకసారి తలెత్తి చూసి, "మధ్య రకం చూపించు పాపా," అన్నాడు. "మరీ చౌకది పట్టుకుపోతే నన్ను పిసినారోడంటాది. మరీ పెద్దది పట్టుకుపోతే ధర విని రెండో కాలు కూడా ఇరగ్గొట్టుకుంటాది."

ఆ అమ్మాయి నవ్వి, కాలు సంగతి కనుక్కుని, "అవ్వ ఏం పాటలు వింటారు తాతా?" అని అడిగింది.

ఎల్లప్ప నోరు తెరిచినాడు.

"అంటే..." అని గోడకేసి చూసినాడు. "పాటలే."

"ఏ పాటలు?"

"అన్నీ వింటాది పాపా. మా యింట్లో సంగీతానికి కొదవేముంది. మా తాత పాడితే పుత్తూరు కొండ మింద మేకలు దిగొచ్చి వరసగా కూర్చునేవి..."

"మీ తాతను వదిలేయ్ బావా," అన్నాడు ధనంజయ. "మా అక్కకు ఏ పాటలిష్టమో చెప్పు. ఆమె చేతి అన్నం తినబట్టి ఇన్నేండ్లయిందే, తెల్దా?"

"నీకు తెల్సా? నీ తోడబుట్టిందే గదా."

"నాకెట్లా తెలుస్తాది? చిన్నప్పుడు పాడేది. మీ యింటికొచ్చినాక నేనెప్పుడు వచ్చినా టకటకా తప్ప ఇంకేం వినపడింది?"

ఆ మాట ఎల్లప్పకు ఎక్కడో తగిలింది. ఒక్క ఇంట్లో ముసలోళ్ళమైపోతిమి, ఆమెకు ఏ పాట ఇష్టమో తెల్దే నాకు, అనుకున్నాడు.

రూపశ్రీ ఓపికగా చెప్పింది. "ఒక్కోదానికి ఒక్కో గుణం ఉంటుంది తాతా. ఇది చూడండి, డప్పులు, సినిమా పాటలు దీంట్లో గుండె అదిరేటట్టు వస్తాయి. కానీ మెల్లగా పాడే గొంతు అడుగునపడిపోతుంది. అదేమో గొంతును సూదిలాగా చూపిస్తుంది, పొద్దంతా వింటే తలనొప్పి. ఏం వింటారో తెలియకుండా తీసుకుపోతే రెండు రోజులు పెట్టుకుని పక్కన పడేస్తారు."

రెండు రోజులు కూడా అక్కర్లేదు, ఆటో వాకిట్లోనే నిలబడి ఉంటుంది అనుకున్నాడు ఎల్లప్ప. కాసేపు గడ్డం గోక్కుని, "ధనా, నీ ఫోన్‌లో మనిషి మొగం కనపడేటట్టు కుప్పమ్మకు చెయ్యి," అన్నాడు. "తిరుమలకు ఎదురుగా నిలబడి నేసేది కుప్పమ్మే. ఆమెకు తెలుస్తాది."

కుప్పమ్మ ఫోన్ ఎత్తగానే అంగడంతా మగ్గాల మోతతో నిండింది. పక్కన చార్జర్లు చూస్తున్న మనిషి చార్జర్ కింద పడేసినాడు. ధనంజయ చెవి మూసుకుని, "ఏం వినపడతాది దీంట్లో, బయటికొచ్చి మాట్లాడమను," అన్నాడు.

"బయటికొస్తే మీ అక్క వింటాది. నువ్వు ఫోన్ కదలకుండా పట్టుకో, అంతే," అని ఎల్లప్ప తెర ముందు మొహం పెట్టి పెదాలు కదిపినాడు. ఆ పక్క కుప్పమ్మ ఒక చేత్తో తెగిన దారం ముడేస్తూనే పెదాలతో బదులిచ్చింది. ఇద్దరి నోళ్ళూ గబగబా కదులుతున్నాయి, మాట మాత్రం ఒక్కటీ లేదు. రూపశ్రీ బల్ల మీద మోచేతులు ఆనించి సినిమా చూసినట్టు చూస్తా ఉండిపోయింది.

"ఏమంటా ఉండాది?" అన్నాడు ధనంజయ.

"పొద్దున్నే మగ్గం ఆడించేటప్పుడు కొండ మీది స్వామి కీర్తన పాడతాదంట." ఎల్లప్ప ఆగి, మళ్ళా చూసినాడు. "పాడతాదా? ఎవురు పాడేది?"

కుప్పమ్మ నుదురు కొట్టుకుంది. ఎవురేంది, మా తిరుమలక్కే, అని పెదాలు కదిపింది.

ఎల్లప్ప ఆ ఫోన్‌ను ధనంజయ చేతిలోంచి తీసుకుని దగ్గరికి పెట్టుకున్నాడు.

సంగతేమంటే, ఆ గదిలో ఎల్లప్ప మగ్గం తిరుమలమ్మ మగ్గానికి వెనక పక్క ఉంది. ఆయనకు కనపడేది ఆమె వీపు, కొప్పు, కొంచెం పక్కనుంచి దవడ. ఆ దవడ పొద్దంతా కదులుతానే ఉండేది. పెదాలు కనపడితే మాట తెలుస్తుంది, దవడ చూస్తే ఏం తెలుస్తుంది? పెండ్లయిన కొత్తలోనే ఆయన ఒక నిర్ణయానికి వచ్చేసినాడు: అది నన్ను తిట్టడం. ఏదో తప్పు చేసే ఉంటాను, ఎప్పుడూ ఏదో ఒకటి చేస్తానే ఉంటాను గదా, తిట్టనీ. అందుకని దవడ మరీ జోరుగా కదిలినప్పుడల్లా మెల్లగా మగ్గం వదిలి లోపలికి పోయి, కాఫీ కలుపుకొచ్చి ఆమె చేతికిచ్చేవాడు. కాఫీ తాగేటప్పుడు దవడ ఆగేది. గండం గడిచిందని ఊపిరి పీల్చుకుని తన మగ్గం దగ్గరికి పోయేవాడు.

కుప్పమ్మ ఇంకా చెబుతానే ఉంది. ఆమెకు ఇదంతా కొత్త కాదు కాబట్టి మామూలుగా చెబుతా ఉంది. మా అక్క పాడితే నేను పెదాలు చూసి పాట కనిపెట్టల్ల, నేను పాడితే ఆమె కనిపెట్టల్ల, పొద్దు పోయేది మాకు అట్నే. జోరు పాట ఎత్తుకుంటే మీరు కాఫీ తెచ్చేవోళ్ళు గదన్నా. అక్క అనేది నాతో, మా మామకు చెవులు లేకపోయినా నా పాట ఎట్నో తెలిసిపోతాది కుప్పమ్మా, పాట బాగుంటే కాఫీ వస్తాది, ఇట్లాంటి మొగుడు ఎవురికి దొరుకుతాడు అని.

"ఏమంటా ఉండాది బావా? చెప్పకుండా ఉంటివే."

"మీ అక్క నన్ను మంచోడనిందంట," అన్నాడు ఎల్లప్ప.

"కుప్పమ్మను సరిగ్గా చూడు. వేరే ఎల్లప్ప అయ్యుంటాడు."

ఎల్లప్ప పై పంచెతో మొహం తుడుచుకున్నాడు. తను భయపడి ఇచ్చిన కాఫీలన్నీ ఆమె ప్రేమ కింద లెక్కేసుకుని తాగింది. ఆ దేవుడెవరో గానీ తనకు తెలియకుండానే తన చేత మంచి పని చేయించినాడు. ఏ కొండకు పోయి ఏం మొక్కితే తీరుతుందో తెలియలేదు. కడకు రూపశ్రీ వైపు తిరిగి, "ఇప్పుడు అడుగు పాపా. ఏం పాటలో చెబుతా," అన్నాడు.

ఇక అక్కడినుంచి పని జోరుగా సాగింది. కుప్పమ్మ పెదాలు కదపడం, ఎల్లప్ప పైకి చెప్పడం, రూపశ్రీ ఫోన్‌లో అట్లాంటి పాట వెతికి వినిపించడం. కీర్తన పెడితే డప్పుల హెడ్‌ఫోన్‌లో తంబుర మాయమైపోయింది. "ఇది వద్దు, ఆయమ్మ గొంతును ఎవురో పరుపు కింద పెట్టి కూర్చున్నారు," అన్నాడు. మధ్యాన్నం పాడేవి అరవ సినిమా పాటలంట, సరిహద్దు ఊరు గదా, రేడియోలో వచ్చినవన్నీ ఆమెకు కంఠతా. అవి సూది గొంతు హెడ్‌ఫోన్‌లో పెడితే తవిల్ డోలూ లేదు, దరువూ లేదు. "పెండ్లికి పోతే అన్నం పెట్టకుండా పంపించినట్టుండాది పాపా, తీసెయ్." దారం తెగిన కోపంలో ఎత్తుకునేది వీధి నాటకం పద్యమంట, రాగం తీస్తే మెడ నరాలు లేస్తాయని కుప్పమ్మ తన మెడ చూపించింది. సాయంత్రం పక్క వీధి చర్చిలో విన్న పాటలు. పని ఎక్కువై ఒళ్ళు నొప్పులు పుట్టినప్పుడు, ఎవరికోసమో మరి, జోలపాట.

"ఇన్ని రకాలు ఒక్క మనిషేనా?" అనింది రూపశ్రీ.

"ఒక్క మనిషే," అన్నాడు ఎల్లప్ప, తనే పాడినంత గొప్పగా.

రూపశ్రీ గోడ మీద పక్కగా ఉన్న ఒక నల్లది తీసింది. "చూడ్డానికి సాదాగా ఉంటుంది. దరువునీ పెద్ద చెయ్యదు, గొంతునీ పెద్ద చెయ్యదు. పాట ఎట్లుంటే అట్లా ఇస్తుంది. బయటి చప్పుడు తగ్గించే మీట ఉంది. మీరడిగిన మధ్య రకమే."

పెట్టుకోగానే ఎల్లప్పకు రోడ్డు మాయమైంది. ఎదురుగా ధనంజయ పెదాలు రూపశ్రీ వైపు కదిలినాయి. ఎల్లప్ప అటే చూస్తూ, "కిరీటం పెట్టిన కోతి మాదిరి ఉండానా? నీ ఆటోకు కాపలాగా పనికొస్తాలే," అన్నాడు. ధనంజయ గతుక్కుమన్నాడు. ఆ తర్వాత అంగట్లో ఉన్నంతసేపూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడినాడు.

ఆఖరి పరీక్ష ఒకటి మిగిలింది. రూపశ్రీ కుప్పమ్మ ఫోన్‌లోంచి వచ్చే మగ్గాల మోతను అంగట్లో ఉన్న పెద్ద స్పీకరులోకి కలిపింది. గాజు బీరువాలు గలగలమన్నాయి, చార్జర్ మనిషి రోడ్డు మీదికి పోయి నిలబడినాడు. ఎల్లప్ప మాత్రం కండ్లు మూసుకుని వింటున్నాడు. మోత పూర్తిగా పోలేదు. పక్క ఊళ్ళో ఎవరో నేస్తున్నట్టు దూరంగా జరిగింది. ఆ దూరం మీద జోలపాట స్పష్టంగా వినపడింది.

"ఇదే," అన్నాడు.

డబ్బాలో పెట్టబోతుంటే మళ్ళా ఆపి, "మా ఆమెకు కొప్పు పెద్దది, కమ్మలు కూడా తియ్యదు. నొక్కుకుంటాదేమో," అన్నాడు. రూపశ్రీ తన చెవి దిద్దుల మీద పెట్టుకుని చూపించింది, తల మీది కమ్మీ కొప్పు ముందరికి ఎట్లా జరపాలో, ఫోన్‌తో ఎట్లా కలపాలో ధనంజయకు నేర్పించింది. ఎల్లప్ప ఆమెకు చేతులు జోడించినాడు. "నగరి దిక్కొస్తే మా యింటికి రా పాపా. నీకొక చీర నేసిస్తా, అగ్గిపెట్టెలో పట్టేంత సన్నంది."

"అంత సన్నంది వస్తుందా తాతా?"

"అగ్గిపెట్టె కొంచెం పెద్దదిగా చేయిస్తాలే."

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతా ఉంది. తిరుమలమ్మ బట్టల సంచి మూతి కట్టి మంచం పక్కన పెట్టుకుని ఉంది. ఎల్లప్ప డబ్బా విప్పి చూపిస్తే, "ఇదేంది, గుర్రానికి కట్టేదా?" అనింది.

"పెట్టుకుని చూడక్కా. నచ్చకపోతే పరుపు సిద్ధంగా ఉండాది," అన్నాడు ధనంజయ.

ఎల్లప్పే ఆమె తల కొంచెం ఎత్తి, కొప్పు ముందరికి కమ్మీ జరిపి, కమ్మలకు తగలకుండా రెండు చెవుల మీదా ఆనించినాడు. ధనంజయ ఫోన్‌లో అరవ పాట పెట్టినాడు, కుప్పమ్మ చెప్పిన మధ్యాన్నం పాటల్లో ఒకటి. తిరుమలమ్మ ముడుచుకున్న నుదురు మెల్లగా విప్పారింది. ఒకసారి మగ్గాల గదివైపు చూసింది, అవి ఆడుతున్నాయా ఆగిపోయినాయా అని. కండ్లు మూసుకుంది. చేతివేళ్ళు మంచం పట్టె మీద దరువేసినాయి. కాసేపటికి దవడ కదిలింది.

ఎల్లప్ప ఈసారి ఎదురుగా నిలబడి ఉన్నాడు. పెదాలు చూసినాడు, ప్రతి మాటా తెలిసింది. తెలిసింది గానీ సరిపోలేదు. తాగే నీళ్ళను బొమ్మలో చూసినట్టుంది. ఒక్క క్షణం ఊగిసలాడి, గబగబా మగ్గాల గదిలోకి పోయినాడు. ఒకదాని తర్వాత ఒకటి, మీటలన్నీ దించేసినాడు. కుప్పమ్మ చేతిలో పోగు నాడె పట్టుకుని అట్నే నిలబడిపోయింది.

పక్కిళ్ళ మోత ఎక్కడో ఉంది గానీ, ఇల్లు మాత్రం నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో తిరుమలమ్మ గొంతు వినపడింది. చెవులు మూసి ఉన్నాయి కాబట్టి తనెంత గట్టిగా పాడుతున్నదో ఆమెకే తెలియదు. కొంచెం బొంగురుగా, అక్కడక్కడా శ్రుతి జారుతూ, ఎవరో వింటున్నారన్న జంకు లేకుండా, నిండుగా పాడుతూ ఉంది. ఎల్లప్ప గడప మీద కూలబడినాడు. ఆమెతో ఇన్నేండ్లు బతకడమే గొప్ప అనుకుంటే, ఇది కూడానా అనుకున్నాడు.

మోత ఆగిందంటే ఆ యింట్లో ఏదో అయిందని వీధి వీధంతా వాకిట్లోకి వచ్చింది. ఎవరో "ఏమైందన్నా" అని పెదాలతో అడిగినారు. ఎల్లప్ప వేలు పెదాల మీద పెట్టుకుని లోపలికి చూపించినాడు. ధనంజయ సంచి మూతి విప్పి, బట్టలు తీసి, మళ్ళా దండెం మీద ఆరేస్తా ఉన్నాడు.

పాట అయిపోయినాక తిరుమలమ్మ కండ్లు తెరిచింది. వాకిట్లో జనాన్ని చూసింది, గడప మీద మొగుణ్ణి చూసింది. హెడ్‌ఫోన్ ఒక పక్కకు జరిపి, "మగ్గాలెందుకు ఆగినాయి మామా? బట్ట ఇయ్యల్ల గదా," అనింది.

"కరెంటు పోయింది," అన్నాడు ఎల్లప్ప.

తిరుమలమ్మ తల మీద గిరగిరా తిరుగుతున్న ఫ్యాను వైపు ఒకసారి చూసింది. మళ్ళా మొగుడి వైపు చూసింది. హెడ్‌ఫోన్ చెవి మీదికి సర్దుకుంది.

"సరే. వచ్చే దాకా ఇంకొకటి పాడతాలే."